కాంటా మీద ఉన్న

మిర్చి సీజన్ల ఫోన్ ఎత్తే చెయ్యి లేదు నాకు.
ఒక చేతిల చిట్టీ, ఒక చేతిల కొక్కెం,
కండ్ల నిండ ఘాటు.

సేటు కొడుకు నా ఫోన్ గుంజుకొని
ఏందో నొక్కిండు, రెండు నిమిషాలు.
"ఇగ నువ్వు పలకకున్నా అదే పలుకుతది, సారంగపాణీ!"
ఏం రాయాల్నో నేనే చెప్పిన:
కాంటా మీద ఉన్న. తేజ పదహారు వేలు. మాపటికి మాట్లాడుత.

మాపటికి మాట్లాడలే.
ఫోన్ మాట్లాడుతనే ఉన్నది,
ములుగుకు, పరకాలకు,
లోన్ ఇస్తమన్న బ్యాంకుకు,
చెల్లె పెట్టిన "అన్నం తిన్నవా"కు గూడ
తేజ పదహారు వేలు.

నాలుగొద్దులకు
ఎనుమాముల గేటు కాడ రేగొండ ఓదెలు.
ఎనిమిది బస్తాలు, ట్రాలీ కిరాయి ఇంక ఇయ్యలే.
బోర్డు మీద పదమూడున్నర.

లొల్లి పెట్టుకోలే.
పగిలిన అద్దం ఫోన్ నా మొఖం ముందట పెట్టి
"నీ మాటేనా ఇది?" అన్నడు.

"నాదే."

నాలుగొద్దులల్ల
ఒక మనిషికి నేను నోటితోని ఇచ్చిన జవాబు
గదొక్కటే.

బస్తా మీద ఆయన పక్కన కూసున్న.
బీడీ ఇచ్చిండు.
జేబుల ఫోన్ వణికింది,
ఎవరికో చెప్తున్నది
పదహారు వేలని.