ఆరొందల పద్నాలుగు

ఈద్ సెలవులు. ఫుజైరాల
లిఫ్టు ముందర సగం దునియా లైను కట్టింది.
మా ముగ్గురి చేతులకు పసుప్పచ్చ పట్టీలు,
దవాఖానల కట్టినట్టు కట్టిన్రు.

రాజలింగం మంచం మీద కూసోలే.
మెడ లేపి ఏసీ జాలీ దిక్కే చూస్తుండు.
"గీ డక్టు నేనే బిగించిన.
అప్పుడు గోడల్లేవు,
కిటికీ జాగల ఉత్త సముద్రమే."
చెయ్యి పెట్టి గాలి చూసిండు,
నాడి చూసినట్టు.

పొద్దున నాష్టకాడ ప్లేట్ల లొల్లి.
ఏడు రకాల చీజు, పేర్లు మాకు తెల్వయి.
పిల్ల ఉడికిన గుడ్డు ఒలుసుకుంట
పూల్ దిక్కే చూస్తంది.
నీళ్ళు కనవడితేగా, అన్నీ తలకాయలే,
అన్ని భాషలల్ల ఒకటే కేక.

పన్నెండుకు ఖాళీ చెయ్యాలె.
దుప్పటి మడత పెట్టిన, బాత్రూం తుడిసిన.
"పైసలు కట్టినం గదనే" అని నవ్విండు.
కట్టినం.
అయినా ఊడ్వ వచ్చేటామె నడుం నాకెరుక,
బడిల నేను చేసేది గదే పని.

షార్జా తొవ్వల పిల్ల పండుకుంది.
పట్టీ కత్తిరియ్యబోతే
నిద్రల్నే పిడికిలి బిగించింది.
చానసేపటికి రాజలింగం అన్నడు:
"బేరింగు మోగుతుంది ఆ రూముల.
ఎవలికన్న చెప్పి రావాల్సుండె."