యు మీద రెండు చుక్కలు

షిల్టిగ్‌హైమ్ బీరు కార్ఖానాలో
ఇరవై రెండేళ్ళు
అమ్మ సీసాల వరస దగ్గర నిలబడింది.
గాజు మీద గాజు, గాజు మీద గాజు.
"ఆ మోతే నా చెవులు తినేసింది" అనేది.
మాకూ అదే నమ్మకం.
యజమాని మీద కోపం మా ఇంట్లో ఒక కుర్చీ,
ఎప్పుడూ ఎవరో ఒకరం అందులో కూర్చునే ఉండేవాళ్ళం.

అదే కార్ఖానా పీపాల అడుగున మిగిలిన మడ్డి
డబ్బాల్లో స్ట్రాస్‌బర్గ్‌కు, నా బల్ల మీదికి వచ్చేది.
ఈస్ట్. తడి రొట్టె వాసన.
ఫినాల్‌లో చిలికి, ఆల్కహాల్‌లో ముంచి,
ఆరబెడితే
గొట్టం అడుగున చిటికెడు తెల్లటి పొడి:
ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ.
ఓదిల్ రీఫెల్ అనే నేను
ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం
ఈ చిలకడమే.

కాగితం మీద గీస్తే అది పులిచింతాకు,
మూడు రెబ్బలు, ఒక కాడ.
కణంలో ఆకు కాదు.
తనమీద తనే మడుచుకుని
మోచేతి దగ్గర వంగిన చెయ్యి.
ఈ కొసన చదవడానికి మూడే అక్షరాలు,
ఆ కొసన మోయడానికి ఒకే ఒక్క అమైనో ఆమ్లం.
ఈ కొసకు ఆ కొస కనిపించదు.
చదివేది మోసేదాన్ని ఎన్నడూ చూడలేదు.

సరుకు ఎక్కించే ఎంజైము వేరే ఉంది,
తడిమి, తూచి, తప్పయితే దించేస్తుంది.
అక్కడ దాటిపోతే ఇక అడిగేవాళ్ళు లేరు.
రైబోజోమ్ గుర్తు సరిపోల్చుకుని లోపలికి రానిస్తుంది,
మూట విప్పమనదు.

లోపల మూడు గడపలు.
కొత్తగా వచ్చింది మొదటి గడపలో నిలబడగానే
పక్కనున్నది, అప్పటిదాకా అల్లిన గొలుసంతా
దాని చేతిలో పెట్టి,
మూడో గడప గుండా
ఖాళీగా వెళ్ళిపోతుంది.
ఎన్నిసార్లు బొమ్మ గీసి పిల్లలకు చెప్పానో,
ఆ ఖాళీ చెయ్యి దగ్గర
ప్రతిసారీ సుద్ద ముక్క ఆగేది.

అమ్మ పుట్టింటి పేరు క్యూబ్లర్.
యుద్ధం అయ్యాక కొత్త గుమస్తా టైపుమిషన్ మీద
యు పైన రెండు చుక్కలు పడలేదు.
"ఇప్పుడు మీరు ఫ్రెంచివాళ్ళు, ఇదే చాలు" అన్నాడట.
రైన్ నది అవతలున్న పెదనాన్న రాసిన ఉత్తరం
"ఈ పేరుగలవారు లేరు" అని తిరిగి వెళ్ళింది.
రెండు చుక్కల కోసం ఒక తాత చావు
మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది మాకు.

తొంభై రెండులో, ఎవరూ అడక్కుండానే,
అమ్మ రక్తం తెచ్చి నేనే చదివాను.
మైటోకాండ్రియాలో, లూసిన్‌ను మోసే దాంట్లో,
ఎ ఉండాల్సిన చోట జి.
ఒక్క అక్షరం. అది కూడా మోచేతి వైపు,
చదివే కొసకు ఎంతో దూరంలో.
అప్పటికి అంతే తెలుసు.
తర్వాతి ఏళ్ళలో జపాన్ నుంచి వచ్చిన పత్రికలో చూశాను:
ఆ తప్పు ఉంటే
చదివే కొసలో ఉన్న యు మీద
టారిన్ తగులుకోదు.
ఎద్దు పైత్యరసంలో మొదట దొరికిన చిన్న అణువు అది,
ఆ యుకు ఉండాల్సిన చుక్కలు.
అవి లేక కొన్ని మాటల దగ్గర
గొలుసు తడబడుతుంది.
చెవి లోపలి సన్నని కణాలకు
ఆ తడబాటు అందరికంటే ముందు తెలుస్తుంది.

పలక మీద రాసి చూపించాను అమ్మకు.
చాలాసేపు చదివింది.
"అయితే ఆ సీసాలను ఊరికే తిట్టానా?"
సీసాలు కూడా కొంత చేసే ఉంటాయమ్మా, అని రాశాను.
అది అబద్ధం కాదు. నిజమని కూడా తేల్చలేను.
అమ్మ పలక తుడిచి, నా వైపు చూసి
"మరి నీకో?" అంది, గట్టిగా,
తన గొంతు తనకు వినపడని వాళ్ళు అడిగినట్టు.

ఇది తల్లి నుంచే వస్తుంది.
నా పరీక్ష నేను చేసుకోలేదు.
చేసుకోకపోయినా,
గొట్టాల మీద చీటీలు రాస్తుంటే
యు దగ్గర నా చెయ్యి
రెండు చుక్కలు పెట్టేస్తోంది,
మా కుర్రాళ్ళు చూసి నవ్వుతారు.

ఈ వసంతంలో కొంగలు తిరిగొచ్చాయి.
ఎదురు చిమ్నీ మీద రెండు, మెడలు వెనక్కి వాల్చి,
ముక్కులు టకటకలాడిస్తున్నాయి.
కిటికీ తెరిచే ఉంది.
ఆడుతున్న ముక్కులను చూస్తున్నాను.