ఏడో దరఖాస్తు

మిండెలోలో ఇవాళ కూడా వాన లేదు.
లేదని చెప్పుకోవడం మానేసి చాలా కాలమైంది.

బల్ల మీద పదకొండు దరఖాస్తులు.
ఉపకారవేతనం ఒక్కటే.
పోర్చుగల్‌లో నాలుగేళ్ళు, నీటి సరఫరా చదువు,
హాస్టలు ఖర్చు వాళ్ళదే,
విమానం టికెట్టు ఒకవైపుకే.

ముప్పై ఒక్కేళ్ళు ఉప్పునీటి ప్లాంటులో
పంపుల హోరుకి ఎడమ చెవి పోగొట్టుకున్నవాణ్ణి,
అనుభవం ఉందని నన్నూ కూర్చోబెట్టారు కమిటీలో.

"నీటి గురించే ఎందుకు చదవాలనుకుంటున్నారు?
మూడు వందల మాటలకు మించకుండా రాయండి."

అందరూ మూడు వందలూ రాశారు.
మానవాళి అన్నారు, భవిష్యత్తు అన్నారు,
ఒకడైతే మహాసముద్రానికి నమస్కారంతో మొదలుపెట్టాడు.

ఏడోది ఎదెల్జీరా మొంతైరో.
రిబైరా బోట్ పేట. లెక్కల్లో ఇరవైకి పద్నాలుగు.
రాసింది అర పేజీ.

"మా ఇంట్లో నీళ్ళకు నాలుగు జన్మలు.
మొదట బియ్యం కడుగుతాం.
ఆ కడుగుతో గిన్నెలు, గిన్నెల నీళ్ళతో గచ్చు,
గచ్చు తుడిచిన గుడ్డ పిండేది బొప్పాయి మొదట్లో.
దానికి సబ్బు అలవాటైపోయింది, తియ్యగానే కాస్తుంది.
డబ్బా బరువు నాకు తెలుసు, ఖరీదు అమ్మకు తెలుసు.
తొమ్మిదో తరగతిలో మమ్మల్ని ప్లాంటుకి తీసుకెళ్ళారు.
నీళ్ళు తీసుకున్నాక మిగిలిన ఉప్పు ఎక్కడికి పోతుందని అడిగాను.
చూపించే ఆయన, సముద్రం పెద్దది పాపా, అన్నాడు.
ఎంత పెద్దదో లెక్కకట్టడం నేర్చుకోవాలని ఉంది."

అంతే. కింద సంతకం.

చూపించే ఆయన్ని నేనే.
మొహం గుర్తులేదు.
ఏటా నాలుగైదు బళ్ళు వచ్చేవి,
అడిగిన ప్రతివాళ్ళకీ అదే సముద్రం, అదే పెద్ద.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు.
ఉప్పు తీసేసి తాగినవాళ్ళం మేం.
ఆ ఉప్పు ఎవరు తింటున్నారో
గొట్టం చివర మునిగి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.
అక్కడ గాలం వేసే న్యో తాన్యా మాత్రం
మూడేళ్ళకే పడవ అటు తిప్పడం మానేశాడు.
ఎందుకని నేను అడగలేదు.

పక్కనున్న మేడమ్ నెమ్మదిగా అంటోంది,
మార్కులు చాలవు, మాటలూ చాలవు,
రెండో దరఖాస్తు బాగుంది కదా అని.
బాగుంది. నిజంగానే బాగుంది.
ఆ కుర్రాడి తప్పేం లేదు.

నియమాల కాగితంలో ఓ వాక్యం:
అభ్యర్థితో సంబంధం ఉన్న సభ్యులు ముందే చెప్పాలి.
చెయ్యెత్తాను.

"మీకు తెలిసిన అమ్మాయా?"

తెలీదు, అన్నాను.
ఆమెకు నేనో జవాబు బాకీ.

ఎవరో గ్లాసులో నీళ్ళు పోసి నా వైపు జరిపారు.
మా ప్లాంటువే.
ఏ రుచీ ఉండదు వాటికి.