రెండో గేరు

"జుట్టు స్వామికిచ్చినాం,
తల మీకిస్తా ఉండాం మేడమ్"
అనింది దేవసేనమ్మ,
మొగుడి చెయ్యి వదలకుండా.

అప్పుడే కొండ దిగొచ్చిన గుండు.
గంధం ఇంకా ఆరలా.
వేరే ఊళ్ళలో నాలాంటోళ్ళు
పాయలు తీసి, పిన్నులు పెట్టి వెతుక్కునే చోటు
తిరుపతిలో ఒక్కోసారి ఇట్లా తేటగా దొరుకుతుంది.
టైలరు టేపుతో
ముక్కు మొదట్నించి మెడ గుంట దాకా,
ఈ చెవి నుంచి ఆ చెవికి కొలిచి
గంధం మీద నీలి పెన్సిల్‌తో
ఒక చుక్క పెట్టినాను.

పేరు చెంగల్రాయుడు. వయసు అరవై ఒకటి.
పని, ఘాట్ రోడ్డులో బస్సు, ఇరవై ఆరేళ్ళు.
జబ్బు అనే గడిలో డాక్టరు రాసింది ఒక్క మాట.
ఆయన చెప్పింది వేరే:
"పొద్దున బండి స్టార్ట్ కాదు మేడమ్.
తాళం తిప్పతానే ఉంటా.
రాత్రయితే మంచంలో కుడికాలు
బ్రేకు తొక్కతానే ఉంటాది,
ముందర ఏమీ లేకపోయినా."

ఎనిమిది అంకెలా మెలితిరిగిన అయస్కాంతం చుట్ట.
గంట పట్టుకుంటే నా మణికట్టు పీకుతుంది.
మొదటిరోజు చేసేది వైద్యం కాదు, వెతుకులాట.
కరెంటు కొంచెం కొంచెం పెంచుతా,
చుట్టను వెంట్రుకవాసి జరుపుతా,
ఆయన కుడి బొటనవేలినే చూస్తా కూర్చున్నాను.

టక్.

వేలు ఎగిరింది.
ఉలిక్కిపడి రెండో చేత్తో పట్టుకున్నాడు దాన్ని,
జేబులు కొట్టేవాణ్ణి పట్టుకున్నట్టు.
"నేను కదిలించలా."
"తెలుసు సార్. కదిలించింది నేను."
ఇరవై ఆరేళ్ళు మలుపు మలుపుకీ
హారన్ నొక్కిన వేలు.
చానాసేపు దాన్నే చూసి
"అయితే ఇది నా తప్పు కాదా" అన్నాడు.
వేలి గురించే అడిగినాడనుకున్నాను.
సాయంత్రం స్కూటీ మీద
లీలామహల్ సర్కిల్ దాటినాక తెలిసింది.

అక్కణ్ణించి ముందుకు ఐదున్నర సెంటీమీటర్లు,
నుదుటికి కాస్త వెనకగా, ఎడమపక్క.
"అంత దగ్గరనా!" అనింది దేవసేనమ్మ.
"ఎముకైతే పుత్తూరు పిల్చకపోయి
కట్టు కట్టించుకోనొచ్చేదాన్ని.
దీనికి యాడ కట్టాలో తెలీక
ఎనిమిది నెల్లు తిరిగినా."

ఇంగ రోజూ అదే.
టకటకటకటక, నాలుగు సెకన్లు.
తర్వాత మౌనం.
మళ్ళీ టకటకటక.
చెవుల్లో దూది పెట్టుకోని కళ్ళు మూసుకోని
"ఇండికేటర్ ఏసి, తిరక్కుండా నిలబడిపోయిన బండి మాదిరి ఉండాది"
అనేవాడు.
ఐదోరోజు ఏమీ లేదు.
తొమ్మిదోరోజు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.
నేనూ ఎవరికీ నయమైపోతుందని చెప్పను.
నెలంతా వచ్చి, వచ్చినట్టే పోయినోళ్ళు
నాకు పేర్లతో సహా గుర్తు.

పన్నెండోరోజు ఆమె ముందు నడుచుకుంటా వచ్చింది.
"రాత్రి నన్ను తిట్టినాడు మేడమ్!
ఊరిబిండిలో ఉప్పెక్కువైందంట!"
కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుతా ఉంది,
కళ్ళెందుకో ఆ మాట వినలేదు.
ఆయన సిగ్గుపడి
గుండు మీద మొలుస్తా ఉన్న నెరుపు తడుముకున్నాడు.
నా నీలిచుక్క చెరిగిపోయింది.
మళ్ళీ కొలిచినాను.

ఆఖరిరోజు ఫారం నింపాల.
పదికి ఎంత, మనసు ఎట్లుంది?
చానాసేపు ఆలోచించినాడు.
"దిగుడులో బ్రేకునే నమ్ముకుంటే
కాలిపోతాది మేడమ్, వాసనొస్తాది.
రెండో గేరులో ఏసినామనుకో,
బండే బండిని పట్టుకుంటాది.
మలుపులు యాడికీ పోవు.
రాసుకోండి,
ఈ పొద్దు రెండో గేరు."

దానికి గడి లేదు.
అంచులో రాసినాను.

బయట బెంచీ మీద
తర్వాతి అమ్మాయి కూర్చోనుంది.
ఒత్తైన జడ, తల నిండా కనకాంబరాలు.
పిన్నులు యాడ పెట్టినానో.