పదమూడు నిమిషాలు

ధర్మాబాద్ మిర్చి అడ్తిల
పన్నెండేండ్ల కంప్యూటర్.
పొద్దున మంచిగనే లేస్తది.
తక్‌పట్టీ సగం కొట్టంగనే
చెప్పకుండ చేయకుండ ఆగిపోతది,
మాట నడుమ అలిగి లేసిపోయిన చుట్టం లెక్క.

కరెంటనుకున్నం, ప్లగ్గు మార్చినం.
వైరసన్నడు సేటు కొడుకు,
అంత తుడిచి మళ్ల ఎక్కిచ్చిండు.
పదమూడు నిమిషాలు.
గోడ గడియారం చూసి రాసిపెట్టిన.
ఎండ ముదిరితే తొమ్మిదే.

నాందేడ్ నుంచి వస్తనన్న మెకానిక్ దిగంబర్
మూడు సోమవారాల సంది వస్తనే ఉన్నడు.

తొడిమెలు తీసే లచ్చుంబాయి లేసొచ్చి
డబ్బ మీద చెయ్యి పెట్టింది,
పోరని నొసలు చూసినట్టు.
"తాప్ ఆలాయ్" అన్నది సేటు దిక్కు చూసి.
నా దిక్కు తిరిగి, "జరమొచ్చింది బిడ్డా."

మరలిప్పిన.
పంకా రెక్కల నడుమ
దూది లెక్క ఎర్రటి నూగు,
పన్నెండు సీజన్ల మిర్చి.
ఊపిరాడకనే ఇన్నొద్దులు
మా కమీషన్లు కూడిందన్నట్టు.

ఊదిన.
దుకాణమంత తుమ్ములు!
హమాలీలు, సేటు,
బస్తాల మీద పండిన పిల్లి గూడ.

మూత పెట్టి నడిపిన.
ఇరవై. ముప్పై. గంట.
పట్టీలన్నీ అచ్చయి బయటికొచ్చినయి.
సేటు చాయ్ చెప్పిండు.

అందరి తుమ్ములు ఆగినంక గూడ
లచ్చుంబాయి దగ్గుతనే ఉన్నది.
కంప్యూటర్ కన్న పదేండ్ల ముందొచ్చింది
ఈ దుకాణంలకు.

స్క్రూడ్రైవర్ ఇంక నా చేతిలనే ఉన్నది.