కర్మ లోపించిన వాక్యం

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల ప్లాంటు.
మొదటి షిఫ్టు దిగి, కంపెనీ బస్సు వచ్చేలోగా
క్యాంటీన్ బల్ల దగ్గర ముప్పావుగంట
ఇంగ్లీషు చెప్తాను.
నాకొచ్చిందీ అంతంతే. ల్యాబులో క్లోరిన్ కొలిచేదాన్ని,
డిగ్రీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినదాన్ని.
నెలాఖరుకి ఆడిటర్ దొర వస్తాడని
మేనేజరు నన్ను టీచర్ని చేశాడు.

మొదటిరోజే ఖాజాబీ నిలేసింది.
"రొయ్యకి ముందు ఒకసారి 'ఏ', ఒకసారి 'ద' ఏంది మేడం,
రొయ్య రొయ్యే గదా?"
ఏదో ఒక రొయ్యయితే 'ఏ',
మనిద్దరికీ తెలిసిన రొయ్యయితే 'ద' అన్నాను.
"పొద్దుట్నించీ నాలుగువేలు వలిచా,
ఒక్కదాంతో గూడా పరిచయం కాలేదే!"
బల్లంతా నవ్వు. ఎవరిదో టీ ఒలికింది.

జాలయ్యది ఐసుగది, మాట తక్కువ.
"డిడ్ కరెక్టే, వెంట్ కరెక్టే,
రెండూ కలిస్తే తప్పెందుకు?"
గతాన్ని ఒకరు మోస్తే చాలు జాలయ్యా,
'డిడ్' భుజానికెత్తుకున్నాక
'గో' వట్టి చేతుల్తో వెంట నడవాలి.
"మా యింట్లో ఇద్దరం మోస్తుండాం" అన్నాడు
గోడకేసి చూస్తా.
నేను పేజీ తిప్పాను.

మేము అన్నా 'వీ', మనం అన్నా 'వీ'.
వెంగమాంబకి ఇది మింగుడుపడలా.
"బోనసు అడిగేటప్పుడు మేము,
బస్సు చెడిపోయి నడిచేటప్పుడు మనం.
సూపర్‌వైజరు మాత్రం టార్గెట్ చెప్పే రోజున
'మనం' అంటాడు చూడు, ఆడే దొరికిపోతాడు.
పాపం ఇంగ్లీషోళ్ళు,
వాళ్ళకెట్టా తెలుస్తదబ్బా?"

పెట్టె మీది చీటీ చదివించానొక రోజు:
పీల్డ్. డీవెయిన్డ్.
వలవబడినవి, నరం తీయబడినవి.
కర్మణి ప్రయోగం అంటారు దీన్ని.
"కర్మంటే?" అంది పెంచలమ్మ.
పని ఎవరి మీద పడుతుందో అది.
"ఇంగ్లీషులో గూడా అదేనా" అని నిట్టూర్చి,
"మరి ఎవరిచేత వలవబడినవి?"
అది చెప్పకపోయినా వాక్యం నిలబడుతుందక్కా.
"ఓహో" అంది. అంతే.
ఆ ఓహోని నాతోపాటు బస్సెక్కించుకుని
ఇంటికి తీసుకుపోయాను.

'సిన్స్' మొదలుపెట్టిన రోజు, 'ఫర్' ఈదిన దూరం.
ఆమె చేరింది రొట్టెల పండగ మర్నాడు.
ఏ సంవత్సరమో గుర్తు లేదు,
చెరువునీళ్ళల్లో ఉద్యోగం రొట్టె పట్టుకుని
ఒణికింది గుర్తుంది.
చిన్నోడి వయసుతో లెక్కగట్టి పదకొండేళ్ళన్నాం.
వారం రోజులు వల్లెవేసింది
ఐ హావ్ బీన్ పీలింగ్ ష్రింప్ ఫర్ లెవెన్ ఇయర్స్,
వేళ్ళు ఆగకుండా,
పిలకాయలు ఎక్కం చెప్పినట్టు.

దొర వచ్చాడు. మా నీలం టోపీయే పెట్టుకున్నాడు.
చలిహాల్లో అంతమందిలోనూ
పెంచలమ్మ ముందే ఆగి, హౌ లాంగ్, అన్నాడు.
"ఐ యామ్ పీలింగ్ లెవెన్ ఇయర్స్."

నేను క్లోరిన్ సీసాతో వెనకే ఉన్నాను.
హావ్ బీన్ పోయింది. ఫర్ పోయింది.
వలిచేది దేన్నో, ఆ కర్మా పోయింది.
'పీల్' పక్కన కర్మ లేకపోతే
ఇంగ్లీషులో అర్థం అడ్డం తిరుగుతుంది:
మనిషి తోలే పొరలుపొరలుగా ఊడుతోందని.
దొర ఆమె చేతులకేసి చూశాడు.
గ్లవుజులున్నాయి.
ఏదో రాసుకుని ముందుకు పోయాడు.

సాయంత్రం క్యాంటీన్లో గ్లవుజులు లేవు.
వేళ్ళకొసలు తెల్లగా, నానిన కాయితంలా,
బొటనవేలి పక్కన పచ్చిగా ఎర్రగా.
టీగ్లాసుని కొంగుతో పట్టుకుని
"తప్పు చెప్పినానా మేడం?"

ఎర్రపెన్ను మూత తీశాను,
మళ్ళీ పెట్టాను.
తప్పే అక్కా, అన్నాను చివరికి.
ఆయనకి అర్థమయ్యే ఉంటుందిలే.

"ఏమని అర్థమైంది?"

బయట బస్సు హారన్ కొట్టింది.