ఏడింటిలో నాలుగు

ఎల్పీడియో చేతిలో ఒక అట్టముక్క,
దానిమీద ఏడు పేర్లు:
జలపాతం, చల్లని ఊట, నడిసముద్రంలో ఇసుకదిబ్బ...
చీకటి పడేలోగా అన్నీ చూపిస్తానని
పొద్దున్నే మాటిచ్చాడు.

కామిగిన్ దీవి చుట్టూ ఒకటే రోడ్డు.
ఎటు వెళ్ళినా బయల్దేరిన చోటికే.
అందుకేనేమో అతని ట్రైసికిల్‌కి తొందర లేదు.
వదినగారి గుమ్మంలో ఆగి చేపల సంచి ఇచ్చాడు.
కూల్‌డ్రింకు సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకుని
బాకీ రాయించాడు.
వానొస్తే బేకరీ చూరు కిందకి దూరాం.
వేడి బన్ను కొరికితే లోపలి తీపి ముద్ద
నా గడ్డం మీదికి జారింది,
కొట్లో పిల్ల ఫక్కుమంది.
లాంజోనెస్ పళ్ళు ఒలిచిన జిగురు
ఎంత కడిగినా వేళ్ళని వదల్లేదు.

సముద్రంలో నిలబడ్డ పెద్ద సిలువ ఎదుట
ఇంజను ఆపాడు. టోపీ తీశాడు.
"ఇదంతా శ్మశానం. కొండకి కోపమొస్తే నేల కుంగింది.
మా ముత్తవ్వ వాళ్ళవ్వ అక్కడే ఉంది,
చేపలు వెళ్ళి పలకరించి వస్తుంటాయి."
ఈత కళ్ళద్దాలు అద్దెకిస్తానని
పడవలోంచి ఓ కుర్రాడు కేకేశాడు.
వద్దన్నాను. ఎందుకో సిగ్గేసింది.

పొద్దు వాలింది.
అట్టముక్క మీద ఇంకా మూడు పేర్లు.
"పర్లేదు సార్, అవెక్కడికీ పోవు," అన్నాడు.
అనేసి, నీళ్ళకేసి చూసి
నాలిక కరుచుకున్నాడు.
ముందు నవ్విందెవరో గుర్తులేదు.

అట్టముక్కని మడిచి
సీటు కింద స్పానరు పక్కన దాచాడు.
రేపెన్నింటికని నేనడగలేదు,
అతనూ చెప్పలేదు.
నా వేళ్ళకింకా జిగురే.